కోసిగి పచ్చబడిన ఏడాది

డాక్టర్ తస్లీమా ట్రస్టు ఆసుపత్రికి డైరెక్టర్‌గా వచ్చిన కొత్తలో ఎమ్మిగనూరు శాఖలో ఒక నేతగాడి భార్య కాన్పులో రక్తం పోయి చనిపోయింది. ఆమెకు కావలసిన గ్రూపు రక్తం ఆదోనిలో, తమ ఆసుపత్రి ఫ్రిజ్‌లోనే ఉంది. ఉన్నట్టు ఎమ్మిగనూరు డాక్టరుకు తెలియదు. కావాలేమోనని ఆదోని వాళ్లకూ తోచలేదు. ఆటోలో తెచ్చుకోగలిగినంత దూరంలో రక్తం పెట్టుకొని మనిషిని పోగొట్టుకున్న సంగతి తస్లీమాను చాలాకాలం పీడించింది.

ఆ ఆసుపత్రిని పత్తి మిల్లుల యజమానులు కొందరు కలిసి ఎప్పుడో కట్టించారు. ఆదోనిలో పెద్ద ఆసుపత్రి, ఎమ్మిగనూరులో శాఖ, కోసిగిలో ఒక అద్దె ఇంట్లో చిన్న కాన్పుల కేంద్రం. మూడింటికీ పెద్ద కరీం సాబ్. పత్తి ప్రెస్సింగ్ మిల్లు ఆయనది. తస్లీమా తండ్రికి చిన్ననాటి స్నేహితుడు కాబట్టి ఆమెకు చాచా.

"మందులిచ్చే డాక్టర్లు శానామంది దొరుకుతారమ్మా," అని ఆయన మొదటి రోజే చెప్పాడు. "ఈ ఇల్లు సక్కదిద్దే మనిషి కావల్ల నాకు. నువ్వు సెయ్యి, నేను ఎనక నిలబడతా."

తస్లీమా చక్కదిద్దింది. చీటీల కట్టలు పోయి కంప్యూటర్లు వచ్చాయి. నర్సుల చేతికి ట్యాబ్‌లు వచ్చాయి. ఏ ఊళ్లో ఏ గర్భిణికి ఎన్నో నెల, బీపీ ఎంత, రక్తం ఎంత, ఈ నెల చూపించుకుందా లేదా అన్నీ ఒకచోట చేరాయి. తస్లీమా గదిలో గోడకు ఒక తెర బిగించారు. కేంద్రం బాగా నడుస్తుంటే పచ్చ, అంతంత మాత్రమైతే పసుపు, చెడితే ఎరుపు. అందరూ దాన్ని బోర్డు అనేవారు. పాత డాక్టర్లు మొదట్లో గొణిగారు. రోగి నాడి చూడాలా, ట్యాబ్ చూడాలా అని వెక్కిరించారు. ఎమ్మిగనూరులో మరో ఇద్దరికి కాన్పులో రక్తం పోయినప్పుడు ఆదోని నుంచి రక్తం వేళకు చేరింది. ఇద్దరూ బతికారు. ఆ తర్వాత వెక్కిరింతలు ఆగిపోయాయి.

మీటింగుల్లో ఆమె ఒకే మాట అనేది: "మొహాలు చూసి కాదు, అంకెలు చూసి నడుద్దాం." ఆ మాట ట్రస్టు సభ్యులకు బాగా నచ్చింది. అంతకు ముందు ఎవరి బంధువు అడిగితే వాళ్లకు ఉద్యోగం, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ల శాఖకు యంత్రం. ఇప్పుడు ఎవరొచ్చి అడిగినా బోర్డు చూపిస్తే సరిపోయేది.

కరీం సాబ్ కొడుకు ఫిరోజ్ బెంగళూరులో మేనేజ్‌మెంట్ చదివి వచ్చాడు. అక్కడి ఒక కంపెనీ చేత ఆసుపత్రికి ఏటేటా సాయం ఇప్పించే ఏర్పాటు అతనిదే. కంపెనీవాళ్లు ఆదోనికి రారు. బెంగళూరులోనే కూర్చొని తమ కంప్యూటర్లో బోర్డు చూస్తారు. నడిచే కేంద్రాలన్నీ కొన్నేళ్లలో పచ్చబడితేనే సాయం కొనసాగుతుంది. ఆదోని పచ్చ. ఎమ్మిగనూరు పచ్చ. కోసిగి మాత్రం ఎప్పుడు చూసినా ఎరుపే.

ఎందుకో తస్లీమాకు తెలుసు. దసరా దాటితే ఆ చుట్టుపక్కల ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. గుంటూరు మిరప చేలకు కొందరు, బెంగళూరు కట్టడాలకు కొందరు, ముసలివాళ్లను, మేకలను వదిలిపెట్టి పోతారు. కడుపుతో ఉన్న ఆడవాళ్లూ మూట నెత్తిన పెట్టుకొని పోతారు. ఊళ్లోనే లేని మనిషి నెలనెలా కేంద్రానికి వచ్చి చూపించుకోవడమెలా? రాలేదు కాబట్టి బోర్డు ఎరుపు చూపిస్తుంది.

తస్లీమా దీనికొక ఉపాయం కనిపెట్టింది. ట్యాబ్‌లో గర్భిణి పేరు పక్కన 'వలస' అని ఒక గడి పెట్టించింది. అది నొక్కితే ఆ మనిషి కోసిగి లెక్కలోంచి తప్పుకుంటుంది. ఆదోనిలో ఒక అమ్మాయి ఫోన్ల దగ్గర కూర్చొని, వలసపోయిన ప్రతి గర్భిణికీ ఫోన్ చేసి, అక్కడ దగ్గరలో ఏ ఆసుపత్రి ఉందో చెప్పి పంపిస్తుంది. గుంటూరు వైపు డాక్టర్లతో తస్లీమా స్వయంగా మాట్లాడింది. మొదటి ఏడాది అది చక్కగా నడిచింది. రెండో ఏడాది ఎమ్మిగనూరులో ఇన్సూరెన్స్ కౌంటరు దగ్గర మనుషులు చాలక గొడవ అయింది. తాత్కాలికంగా అనుకొని తస్లీమా ఆ ఫోన్ల అమ్మాయిని అక్కడికి పంపింది. ఆ అమ్మాయి మళ్లీ రాలేదు. గడి మాత్రం ఉండిపోయింది.

ఆ ఏడాదే కోసిగి పచ్చబడింది.

కోసిగి కేంద్రాన్ని నడిపేది పద్మ అనే నర్సు. ఆ పక్క ఊరి పిల్లే. తస్లీమా ఆమెను ఎమ్మిగనూరు మీటింగుకు పిలిపించి శాలువా కప్పించింది. "ఎలా సాధించావో మిగతావాళ్లకు చెప్పమ్మా," అని మైకు చేతికిచ్చింది. పద్మ మైకు తీసుకుంది. "అందరి సహకారం మేడమ్," అంది. ఆ మాటతోనే కూర్చుంది. సిగ్గరి పిల్ల అని అందరూ చప్పట్లు కొట్టారు. తస్లీమా అందరికంటే గట్టిగా కొట్టింది.

మాఘమాసంలో ఒక పొద్దున కోసిగి దగ్గరి పల్లె నుంచి ఆదోని ఆసుపత్రి ముందుకు ఆటో వచ్చి ఆగింది. అందులో నాగవేణి అనే నిండు గర్భిణి, ఆమెను పొట్లం పట్టినట్టు పట్టుకున్న అత్త సుంకులమ్మ. నాగవేణి కాళ్లు, మొహం ఉబ్బి ఉన్నాయి. దారిలోనే ఫిట్స్ వచ్చాయి. నాలుక కరుచుకొని నోటి పక్కన నెత్తురు కారుతోంది.

తస్లీమా రౌండ్స్ ముగించుకొని వస్తూ కౌంటరు దగ్గర కేకలు విని ఆగింది. కౌంటరులో అమ్మాయి కంప్యూటర్ వైపు, సుంకులమ్మ వైపు మార్చి మార్చి చూస్తోంది.

"అవ్వా, ఈ నాగవేణి వలస పోయిందని ఉంది. గుంటూరులో ఉన్నట్టు చూపిస్తోంది. పేరు సరిగ్గా చెప్పు."

"గుంటూరులో ఉంటే ఇది ఎవురమ్మా?" అని సుంకులమ్మ అరిచింది. "నా కోడలు కాదా ఇది? నా కొడుకు ఓబన్న పోయినాడు గుంటూరుకి. దీనికి కాళ్లు వాసి పనికి రాదని ఈన్నే ఇడిసిపోయినాడు. సంకురాత్రికి ముందు నుంచి నా ఇంట్లోనే ఉండాది!"

"ముందు లోపలికి తీసుకోండి!" అని తస్లీమా పరుగెత్తింది.

ఇంజెక్షన్లు ఇచ్చారు. బీపీ దించారు. ఆపరేషన్ చేశారు. నాగవేణి బతికింది. మగబిడ్డ, అప్పటికే కడుపులో పోయాడు.

సుంకులమ్మ ఏడవలేదు. బిడ్డను చుట్టిన గుడ్డ విప్పి చూసి, మళ్లీ చుట్టి, తస్లీమాను అడిగింది.

"కాళ్లు వాసినప్పుడు తెచ్చింటే బతికేటోడా తల్లీ?"

"బతికేవాడు," అంది తస్లీమా. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"ఆ నర్సమ్మ వస్తాదని సూసినా. ముందొకసారి ఇంటికే వచ్చి చేతికి పట్టీ కట్టి సూసింది. ఈసారి రాలేదు. వాపు మామూలే ఏమో, అందుకే రాలేదు అనుకున్యా."

మర్నాడు తస్లీమా కోసిగికి వెళ్లింది. కేంద్రం వరండాలో పదిమంది దాకా ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు. పద్మ ఒకామెకు బీపీ చూస్తోంది. డైరెక్టరమ్మను చూడగానే పట్టీని సగంలోనే విప్పేసింది. వార్త అప్పటికే చేరింది. పద్మ లేచి లోపలి గదిలోకి నడిచింది, తస్లీమా వెనకే వెళ్లి తలుపు వేసింది.

"నాగవేణి ఊళ్లోనే ఉంది పద్మా. ఎలా వలస అని పెట్టావు?"

"మొగుడు పోతే పెండ్లాం కూడా పోయింటాదనుకున్యా మేడమ్."

"వెళ్లి చూశావా?"

పద్మ తల అడ్డంగా ఊపింది.

"నాగవేణి ఒక్కతేనా?"

పద్మ నెమ్మదిగా మొదలుపెట్టి, చెప్పే కొద్దీ గొంతు పెంచుతూ చెప్పింది. "రెండుసార్లు రానోళ్లందర్నీ వలస అనే నొక్కినా మేడమ్. వచ్చేటోళ్లను బాగా సూసుకున్యా. రానోళ్ల వెంట పడేకి నాకు బండి లేదు, ఇంకొక మనిషి లేదు. మిమ్మల్ని అడిగినా, ఆయాను ఇయ్యమని. వచ్చే ఏడు సూద్దాం అన్న్యారు. పోయిన ఎండాకాలం ఫిరోజ్ సారు వచ్చినాడు. ఇంకొక ఏడాది ఎర్రగుంటే ఈ సెంటరు ఎత్తేస్తాం అన్న్యాడు. ఎత్తేస్తే బయట కూసున్నోళ్లంతా యాడికి పోవల్ల? అందుకే పచ్చ సేసినా. వలస పోయినోళ్లకు ఆదోని నుంచి ఫోన్ పోతాది కదా, ఉండేది తెలుస్తాది కదా అనుకున్యా."

"ఫోన్లు ఆగిపోయి ఏడాది దాటింది," అంది తస్లీమా.

"ఆ సంగతి మాకెవురూ సెప్పలేదు మేడమ్."

తస్లీమాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. పద్మ మీద చూపించింది. "నీ వల్ల ఒక బిడ్డ పోయింది," అంది. పద్మ నోట్లో కొంగు కుక్కుకొని కిటికీ వైపు తిరిగింది. బయట ఎవరో "నర్సమ్మా, బస్సు పోతాదమ్మా," అని పిలుస్తున్నారు.

ఆ వారమంతా ఆదోని నర్సులను జీపుల్లో కోసిగి పల్లెలకు పంపించింది తస్లీమా. వలస అని ఉన్న ప్రతి గర్భిణి ఇంటికీ వెళ్లి తలుపు కొట్టమంది. చాలామంది నిజంగానే పోయారు. కొందరు ఇళ్లల్లోనే ఉన్నారు. వాళ్లలో ఒకామెకు రక్తం బొత్తిగా లేదు, ఇంకొకామెకు కవలలు. ఇద్దరినీ ఆదోనికి తెచ్చి చేర్చుకున్నారు. వివరాలన్నీ ఉన్నవి ఉన్నట్టు ఎక్కించారు. ఎక్కించడం పూర్తయ్యేసరికి బోర్డు మీద కోసిగి మునుపెన్నడూ లేనంత ఎర్రగా అయింది.

తస్లీమాను అక్క వరసతో ఆపా అని పిలిచే ఫిరోజ్ ఆమె గదికి వచ్చాడు. గోడ వైపు చూసి తల పట్టుకున్నాడు.

"ఆపా, మార్చిలో కంపెనీవాళ్లు చూస్తారు. చూసి సంతకం పెట్టేంతవరకు ఆగి, తరువాత మార్చొచ్చు కదా? నేనేం దాచమనట్లేదు. కొంచెం ఆగమంటున్నా."

"ఆగితే ఇంకెవరైనా ఆటోలో వస్తారు."

"మనుషుల్ని చూడండి, వద్దనలేదు. బోర్డు ఎందుకు ముట్టుకోవాలి?"

"బోర్డు అబద్ధం చెబితే నాకది ఎందుకు ఫిరోజ్?"

"సరే ఆపా. మీరు చెప్పినట్టే నిజం చూపిద్దాం," అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు తస్లీమా ఆ పూట సంతోషించింది.

పద్మను ఉద్యోగంలోంచి తీసేస్తూ ట్రస్టు నుంచి కాగితం వచ్చింది. తస్లీమా సంతకం పెట్టింది. రోగి వివరాలు అబద్ధం రాసిన నర్సును ఉంచుకోకూడదనే ఆమె నమ్మింది. ఫోన్లు ఆపించింది తానేనని, మనిషిని అడిగితే ఇవ్వనిది తానేనని ట్రస్టుకు వేరే ఉత్తరం కూడా రాసింది. ఆ ఉత్తరం గురించి ఎవరూ ఆమెను ఏమీ అడగలేదు.

ట్రస్టు మీటింగు ఎమ్మిగనూరు శాఖలో, మేడ మీది హాల్లో జరిగింది. కరీం సాబ్ నడుమ కూర్చున్నాడు. ఆయన పక్కన ఎమ్మిగనూరు బట్టల వ్యాపారి మహేశ్వర్, మిగతా సభ్యులు. పద్మ విషయం ముందే తేలిపోయింది: తప్పు చేసిన నర్సును తొలగించడమైనది అని ఒక వాక్యం రాసుకున్నారు. తస్లీమా తన ఉత్తరం సంగతి ఎత్తింది. "అదంతా రాసుకుంటే కోర్టులో మనకే చుట్టుకుంటుంది మేడమ్," అన్నాడు మహేశ్వర్. కరీం సాబ్ చెయ్యెత్తి, అది అక్కడితో చాలన్నట్టు సైగ చేశాడు.

ఆ తర్వాత ఫిరోజ్ లేచి తెర వెలిగించాడు. కోసిగి అంకెలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒక్కో కాన్పుకు అయ్యే ఖర్చు ఆదోనిలో కంటే ఎంత ఎక్కువో, వచ్చేవాళ్లు ఎంత తక్కువో, రంగు ఎంత ఎరుపో. తొందరపడకుండా, గొంతు పెంచకుండా చెప్పాడు. చివరకు కోసిగి కేంద్రం మూసేసి, వారానికొకసారి వ్యాన్ పంపిద్దామన్నాడు.

తస్లీమా లేచి నిలబడింది.

"ఇది న్యాయం కాదు," అంది. "ఈ అంకెలను ఇలా చదవకూడదు."

"నేను సొంతంగా ఒక్క అంకె కూడా తేలేదు ఆపా. ఇవన్నీ మీ బోర్డువే. నిజం చూపిద్దామని మీరే అన్నారు."

"కోసిగి ఎర్రగా ఉందంటే అక్కడ ఆసుపత్రి ఎక్కువ కావాలని అర్థం. మూసేయమని కాదు చాచా! ఇంకో ఇద్దరు మనుషుల్నిచ్చి, ఒక బండి ఇవ్వండి. నేను నిలబెట్టి చూపిస్తాను."

"అది మాకు తెలీక కాదు మేడమ్," అన్నాడు మహేశ్వర్. "సాయం ఇచ్చేటోళ్లకు తెలీదు గదా. ఒక్క కోసిగి కోసం మూడూ పోగొట్టుకుందామా?"

"అంకెలు బాగాలేవని మూసేస్తారు. అబద్ధపు అంకెలున్నన్నాళ్లూ నడిపారు. రేపు ఏ నర్సు నిజం రాస్తుంది మనకు?"

కరీం సాబ్ టోపీ తీసి టేబుల్ మీద పెట్టి, మళ్లీ పెట్టుకున్నాడు. ఆయన మాటల్లో కోపం లేదు, అదే తస్లీమాకు ఎక్కువ నొప్పి కలిగించింది.

"బేటీ, మేము పత్తి అమ్ముకునేటోళ్లం. మాకేం తెలుసు? మొగాలు సూసి కాదు, అంకెలు సూసి నడుద్దాం అని నువ్వే నేర్పించినావు. మేము నేర్సుకున్యాం. ఇప్పుడు కోసిగోళ్ల మొగాలు సూడమంటే ఎట్లమ్మా?"

చేతులెత్తమన్నారు. వద్దని ఎత్తిన చెయ్యి తస్లీమాది ఒక్కటే.

కిందికి దిగుతుంటే రాజీనామా చేస్తానంది కరీం సాబ్‌తో. ఆయన మెట్ల మీద ఆగి, రెయిలింగ్ పట్టుకొని, "సెయ్యి. నీ తావులో ఎవురొస్తారో తెల్సు గదా," అన్నాడు. తెలుసు. ఫిరోజ్ కూర్చుంటాడు. ఆమె రాజీనామా చేయలేదు. ఆదోనిలో వార్డులు నిండి ఉన్నాయి, ఆ పూట ఇద్దరికి ఆపరేషన్లున్నాయి. చేయకపోవడానికి అవి చాలినన్ని కారణాలని తనకు తాను చెప్పుకుంది. దారిపొడవునా చెప్పుకుంటూనే ఉంది.

ఉగాదికి ముందే కోసిగి కేంద్రం మూసేశారు. మంచాలు ఆదోనికి వచ్చాయి. ఆ ఇంటిని విత్తనాలు, పురుగుమందులు అమ్మే అతను అద్దెకు తీసుకున్నాడు. కంపెనీవాళ్లు రెండు పచ్చ కేంద్రాలను చూసి సంతకం పెట్టారు. బెంగళూరులో ఏదో సభలో ఆసుపత్రికి మెమెంటో ఇచ్చారు. ఫిరోజ్ వెళ్లి తెచ్చాడు. వ్యాన్ కొన్ని వారాలు తిరిగింది, ఆ తర్వాత ఎమ్మిగనూరు నుంచి రోగులను తెచ్చే పనికి పెట్టారు. పద్మకు ఎక్కడా ఉద్యోగం దొరకలేదని, పెళ్లయిన అక్క ఇంట్లో రాయచూరులో ఉంటోందని తస్లీమాకు ఎవరో చెప్పారు. ఫోన్ చేద్దామని నాలుగైదు సార్లు అనుకుంది.

వానలు మొదలైన రోజుల్లో సుంకులమ్మ మళ్లీ ఆదోనికి వచ్చింది. ఈసారి వెంట ఉన్నది ఇంటి పక్క పిల్ల. ఏడో నెల కడుపుతో ఉంది. ఇద్దరూ మొదటి బస్సుకు బయలుదేరి, చీర అంచులు తడిసి, ఓపీ బల్ల మీద కూర్చున్నారు. తస్లీమా వాళ్లను గుర్తుపట్టి తన గదిలోకి పిలిచింది.

"నాగవేణి ఎలా ఉంది?"

"ఉండాది. మనిషి మనిషిగా లేదు. మొగునితో గుంటూరికి పోతా అంటాంది ఈసారి. ఇంట్లో ఉండలేనంట." సుంకులమ్మ కొంగు పిండుకుంది. "అది సరే గాని తల్లీ, కోసిగిలో ఆసుపత్రి ఇంట్లో పురుగుమందుల షాపు పెట్టినారు. మన నర్సమ్మ యాడికి పోయింది? ఆసుపత్రి ఎందుకు తీసేసినారు?"

తస్లీమా దాచలేదు. నర్సు అబద్ధం రాసిందని, అందుకే నాగవేణిని ఎవరూ చూడలేదని, తాను నిజం బయటపెట్టానని, ఆ నిజం చూసి మూసేశారని తెలిసేట్టు చెప్పింది. ముసలామె తనను తిట్టినా బాగుండుననిపించింది.

సుంకులమ్మ కళ్లు చిన్నవి చేసి విన్నది. విన్నదాన్ని నోట్లో వేసుకొని నములుతున్నట్టు కాసేపు దవడ ఆడించింది.

"అయితే ఆ అబద్దమే ఉండనిస్తే సరిపోయేది కదా తల్లీ!"

"నీ మనవడు పోయింది ఆ అబద్ధం వల్లే అవ్వా."

"పోయినాడు. నువ్వు నిజం సెప్పినాంక తిరిగొచ్చినాడా?" కోపంగా అనలేదు. లెక్క అడిగినట్టు అడిగింది. "ఊర్లో ఇంకా ఉండారు కదా కడుపుతో. అబద్దం ఆడినా ఆ పిల్ల ఈన్నే ఉండె. సగం మందినన్నా సూస్తాండె."

తస్లీమా లేచి, పక్క పిల్ల చేతికి పట్టీ కట్టి తనే బీపీ చూసింది. ఉండవలసిన దానికంటే ఎక్కువే ఉంది. మళ్లీ చూసింది. మందులు రాసింది. ఉప్పు తగ్గించమంది.

"ప్రతి వారం వచ్చి చూపించుకోవాలమ్మా. మానొద్దు."

ఆ పిల్ల భయంగా సుంకులమ్మ వైపు చూసింది. సుంకులమ్మ నవ్వింది. పళ్లు లేని ఆ నవ్వు చూసి తస్లీమా చీటీ వైపు తల దించుకుంది.

"వారం వారమా? ఈడికా?" అంది సుంకులమ్మ. "ఒక్కనాటి కూలి పోతాది, బస్సు చార్జీలు పోతాయి. దీని అత్త ఈ ఒక్కసారికే గొణిగింది." పిల్ల భుజం మీద చెయ్యేసి లేపింది. "సూద్దాంలే తల్లీ. నీ మాట దాని అత్తకు సెప్తా. మీ వాన్ వస్తాదా మళ్లీ?"

"అడుగుతాను," అంది తస్లీమా.

"అడుగు," అంది సుంకులమ్మ, ఆ మాట మీద ఏ ఆశా పెట్టుకోకుండా.

సుంకులమ్మ చీటీ మడిచి రవికెలో దోపుకుంది. ఇద్దరూ వాన కాస్త తెరిపి ఇచ్చిందని గబగబా బస్టాండు వైపు వెళ్లిపోయారు. నర్సు తలుపు తోసి, తర్వాతివాళ్లను లోపలికి పంపమంటారా మేడమ్ అని అడిగింది. బయట వరుస పెద్దదిగా ఉంది. తస్లీమా పంపమంది.